నగరవాసి పెట్రోలు బండిని విడుచుట యెందుకు? అపోహలు – వాస్తవములు

హైదరాబాదు వంటి మహానగరమున పెట్రోలు బండిని విడిచి విద్యుద్వాహనము నెక్కుచున్నవారిని చూచి, వీరందరు పర్యావరణముపై మక్కువతోనే మారుచున్నారని భావించువారు కలరు. సర్కారు రాయితీకి ఆశపడి కొనుచున్నారని తలంచువారును కలరు. ఈ రెండు తలపులలోను కొంత సత్యము లేకపోలేదు గాని, నిత్యము బండి నడుపువాని నిర్ణయమునకు మూలము వేరొకచోట నున్నదని నా నిశ్చితాభిప్రాయము. దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగవలెను, రాత్రి బండి నిలుపుచోట ప్లగ్గు కలదా, అను రెండు ప్రశ్నలే అతనిని అటో ఇటో త్రిప్పుచున్నవి.

మొదటిదానికి నిదర్శనము ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు యువకుడు. దినమునకు 120 కిలోమీటర్లు తిరుగు అతని బండి, లీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున, రెండున్నర లీటర్లకు మించిన పెట్రోలు త్రాగును. లీటరు ధర నూరు రూపాయలు దాటిన యీ కాలమున అది 260 రూపాయలకు పైమాటయే. అంత దూరమే విద్యుద్వాహనముపై తిరిగినచో, చార్జింగులో వృథాయగు దానితో సహా, ఐదు యూనిట్ల కరెంటు చాలును. తెలంగాణలో గృహవినియోగపు అత్యున్నత శ్రేణిని గైకొని యూనిటుకు 10 రూపాయలు వేసినను 50 రూపాయలే. మిగిలిన రెండువందల పైచిలుకు ఇంటి బియ్యమునకు, పిల్లల ఫీజునకు చేరును. ఈ లెక్క తెలిసినవానికి పర్యావరణముపై ఉపన్యాసముతో పనిలేదు. కాగా, ఆఫీసునకు పోయివచ్చుటకై పది కిలోమీటర్లు మాత్రమే నడుపు ఉద్యోగికి ఆ మిగులు దినమునకు ఇరువది రూపాయలకు మించదు. అతడు తన పాత బండినే మరికొన్నాళ్లు నడుపుకొనినచో దానిని అజ్ఞానమని నిందించుట న్యాయము కాదు.

ఇక రాయితీ. విద్యుద్వాహనములను ప్రోత్సహించు ఫేమ్-2 పథకమున 2021 జూనులో ద్విచక్రవాహనపు బ్యాటరీలోని కిలోవాట్-గంటకు 15,000 రూపాయలకు పెంచిన సబ్సిడీని కేంద్రప్రభుత్వము 2023 జూనులో 10,000కు దించి, వాహనపు ధరలో 15 శాతమునకు పరిమితము చేసినది. ఆ నెల అమ్మకములు బాగుగా పడిపోయినవి. పిదప మరల కోలుకొన్నవి. 2024 అక్టోబరున వచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకమున ఆ సొమ్ము మొదట 5,000 మాత్రమే యైనను కొనుగోళ్లు ఆగలేదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట మేలైన పనియే. అయితే రాయితీ కొనుగోలు వేళను ముందునకు జరుపగలదే గాని, అక్కర లేనివానికి అక్కరను కలిగింపజాలదు.

ఈ బండ్లు ఎండకే తగులబడునను భయమును మాత్రము నేను తేలికగా త్రోసివేయను. 2022 ఏప్రిలులో నిజామాబాదునను, విజయవాడయందును, ఇండ్లలో చార్జింగునకు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణములు పోయినవి. దోషము ఎండదని యనుటే అపోహ. సెల్లుల నాణ్యత, వాని వేడిని కనిపెట్టియుండు ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ఈ రెండింటి లోపమే ప్రధానమైనది. అటుపిమ్మట బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణమును కఠినము చేసి, 2022 డిసెంబరు నుండి ఒక విడతగను, 2023 మార్చి చివరినుండి మరియొక విడతగను అమలుపరచిరి. అయినను కంపెనీ చార్జరునే వాడుట, ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పిమ్మటనే చార్జింగునకు పెట్టుట, పడకగదిలో పెట్టకుండుట అవశ్యము పాటింపవలసిన జాగ్రత్తలు.

విద్యుద్వాహనమునకు లైసెన్సు అక్కరలేదనుటయు పొరపాటే. 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన చిన్న బండ్లకు మాత్రమే ఆ మినహాయింపు.

ఇక రెండవ ప్రశ్నయగు ప్లగ్గు సంగతి. వీథివీథికి చార్జింగు స్టేషను వెలసినగాని జనులు మారరనునది అన్నింటికంటె బలమైన అపోహ. పగలెల్ల తిరిగిన బండి రాత్రి ఎనిమిది గంటలు ఊరకే నిలిచియుండును. 3 కిలోవాట్-గంటల బ్యాటరీ నిండుటకు ఇంటిలోని సామాన్యమైన ప్లగ్గు, ఐదారు గంటల కాలము చాలును. ఇంటికున్న కనెక్షనుతోనే చార్జి చేసికొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరిలో స్పష్టపరచినది. సొంత యిల్లు కలవానికి సమస్య ఇంతటితో తీరినది. అపార్ట్‌మెంటులో మూడవ అంతస్తున అద్దెకుండువాని సంగతి అట్లు కాదు. సెల్లారులో అతని బండి నిలుపుచోట దీపమున్నది గాని ప్లగ్గు లేదు. ఉన్న ఒక్క ప్లగ్గు వాచ్‌మన్ గది ప్రక్కన, నీళ్ల మోటారు మీటరుకు తగిలించియున్నది. ఒకడు దానిని వాడుకొనినచో నెలాఖరున మెయింటెనెన్సు లెక్కలో అందరును భరింపవలసివచ్చునని అసోసియేషను కార్యదర్శి అభ్యంతరము చెప్పును. బాల్కనీ నుండి తీగను వ్రేలాడదీయుట వానకాలమున ప్రాణాపాయము. బ్యాటరీ ఊడదీయ వీలున్న బండియైనను, పది కిలోలకు పైబడిన బరువును మోసికొని మెట్లెక్కుట అందరికి సాధ్యము కాదు. సెల్లారులో ఒక ప్లగ్గునకు సబ్‌మీటరు బిగించి, ఎవరు వాడిన యూనిట్లు వారి పేర వ్రాసికొనుట స్వల్పవ్యయముతో తీరు పని. ఆ పని చేసిన భవనములలో మొదటి బండి వచ్చిన కొలది మాసములకే రెండవదియు, మూడవదియు దాని ప్రక్కన నిలుచుటను నేను చూచితిని.