డెలివరీకి ముందే ఆసుపత్రిని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఈరోజు ఎపిసోడ్ ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్ల కోసం. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు మనం ప్యాకేజీ ఎంత, ఏసీ రూమ్ ఉందా అని అడుగుతాం. బిడ్డ పుట్టిన మొదటి గంటలో ఏం చేస్తారని మాత్రం అడగం. నేను ఇవాళ చెప్పేది దాని గురించే.

‘బేబీ ఫ్రెండ్లీ హాస్పిటల్’ అని ఒక గుర్తింపు ఉంది. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి 1991లో మొదలుపెట్టాయి. దీనికి పది నియమాలు ఉన్నాయి, 2018లో వాటిని సవరించారు. తెలంగాణలో బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి ఈ తరహా గుర్తింపు వచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్లు కాగితాలు చూసి వెళ్లిపోరు, తల్లులతో కూడా మాట్లాడతారు. చాలా నియమాల విషయంలో కనీసం 80 శాతం మంది తల్లులు ‘అవును, మాకు ఇలాగే చేశారు’ అనాలి.

మీరు వెళ్లే ఆసుపత్రికి ఆ గుర్తింపు లేకపోయినా పర్లేదు. ఆ నియమాలనే ప్రశ్నలుగా అడగండి.

ఒకటి, బిడ్డను వెంటనే తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, గంటలోపు పాలు పట్టిస్తారా? ఆపరేషన్ అయినా, తల్లి మెలకువగా, నిలకడగా ఉంటే ఇది చేయొచ్చు. తెలంగాణలో దాదాపు 60 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇది గట్టిగా అడగండి.

రెండు, రాత్రీ పగలూ బిడ్డ తల్లి దగ్గరే ఉంటుందా?

మూడు, పాలు సరిగ్గా పట్టించడం నర్సు పక్కన కూర్చుని చూపిస్తారా? ముర్రుపాలు మొదట కొన్ని చెంచాలే వస్తాయి. అది చూసి ‘పాలు పడలేదు’ అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. నిజానికి ఆ రోజుకి బిడ్డకి సాధారణంగా అవే చాలు.

నాలుగు, వైద్య కారణం లేకుండా డబ్బా పాలు పడతారా? నెలలు నిండని బిడ్డకో, షుగర్ పడిపోయిన బిడ్డకో అవసరం రావచ్చు. అప్పుడు డాక్టర్ మాట వినాల్సిందే, కానీ కారణం అడిగి తెలుసుకోండి. కంపెనీలు తల్లులకు డబ్బా పాల శాంపిళ్లు ఉచితంగా పంచడం 1992 చట్టం ప్రకారం నిషేధం. తేనె, చక్కెర నీళ్లు కూడా వద్దు.

ఇవన్నీ ఏడో నెల చెకప్‌లోనే అడిగేయండి. నొప్పులు మొదలయ్యాక అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ వీడియో మీ అక్కకో, వదినకో, ముఖ్యంగా బావగారికో పంపండి. మళ్లీ కలుద్దాం!