కారు సస్పెన్షన్ అప్‌గ్రేడ్: లోయరింగ్ స్ప్రింగ్స్ చాలా, కాయిలోవర్స్ కావాలా?

పోలో జీటీ లాంటి హాట్ హ్యాచ్ ఉన్నవాళ్లు ఇంజిన్ రీమ్యాప్ తర్వాత చూసేది సస్పెన్షనే. కొనే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. స్ప్రింగ్ కారు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపుతుంది. ఈ రెండూ జోడీ.

లోయరింగ్ స్ప్రింగ్స్: ఖర్చు తక్కువ, లుక్ అదిరిపోతుంది. కానీ స్టాక్ షాక్స్‌ని కంపెనీ మెత్తటి స్ప్రింగ్ కోసం ట్యూన్ చేసింది. మరీ గట్టి స్ప్రింగ్ వేస్తే అది తిరిగి సాగే వేగాన్ని అవి ఆపలేవు. గతుకుల్లో టైరు రోడ్డుని వదిలేస్తుంది, అంటే గ్రిప్ పెరగడం కాదు, తగ్గుతుంది.

కాయిలోవర్స్: స్ప్రింగ్, షాక్ కలిపి మ్యాచ్ చేసిన సెట్. ఎత్తు మార్చుకోవచ్చు, కొన్నింట్లో డ్యాంపింగ్ కూడా. ట్రాక్ డేస్‌కి వెళ్లేవాళ్లకి ఇదే కరెక్ట్.

రియర్ యాంటీ రోల్ బార్: ఎత్తు తగ్గదు, మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో అండర్‌స్టీర్ కూడా తగ్గుతుంది. రోజూ సిటీలో తిరిగే కారుకి మంచి మొదటి స్టెప్.

165 ఎంఎం గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారుని 40 ఎంఎం దించితే మిగిలేది 125. మన స్టాండర్డ్ స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100 ఎంఎం! నలుగురు ఎక్కితే కింద తగిలే రిస్క్ ఉంది.

ఏది వేయించినా వీల్ అలైన్‌మెంట్ మస్ట్. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి, లేదంటే క్లెయిమ్ రిజెక్ట్ అయ్యే రిస్క్ ఉంది. బడ్జెట్ తక్కువైతే? ముందు మంచి టైర్లు వేయించండి, తేడా మీకే తెలుస్తుంది.