ఇళ్ల మధ్యలో గోదాం పెట్టేశారు.. ఎవరికి చెప్పుకోవాలి?

హైదరాబాద్: 2023 నవంబర్ 13. నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములకు నిప్పంటుకుంది. పై అంతస్తుల్లో కుటుంబాలు ఉంటున్నాయి. కనీసం 9 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది మార్చి 23న బోయిగూడలో స్క్రాప్ గోదాం కాలిపోయి, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదం జరిగిన మర్నాడు అధికారులు వస్తారు, నాయకులు వస్తారు, తనిఖీలు చేస్తామంటారు. నెల తిరిగేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

గల్లీలో ఏ ఇంట్లో ఏ సరుకు దిగుతోందో అందరికన్నా ముందు తెలిసేది పక్కింటివాళ్లకే. కానీ తెలిసినా నోరు విప్పరు. 'పాపం వాడి పొట్ట కొట్టడం ఎందుకు' అనే మొహమాటం ఒకటి, గొడవ అవుతుందనే భయం ఇంకొకటి. ఎక్కడికెళ్లి ఎవరికి కాగితం ఇవ్వాలో తెలియకపోవడం మూడోది. మొదటి రెండింటి సంగతి తర్వాత చూద్దాం. మూడోదానికి మాత్రం జవాబు ఉంది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పక్కింట్లో వ్యాపారం నడిస్తే చాలు, అది రూల్స్‌కు విరుద్ధం అనుకోకూడదు. మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్, వాణిజ్య జోన్, పారిశ్రామిక జోన్ అని ఉంటాయి. నివాస జోన్‌లో కూడా కొన్ని పనులకు అనుమతి ఉంది. డాక్టర్ తన ఇంట్లోనే ఒక గదిలో పేషెంట్లను చూసుకోవచ్చు, వకీల్ ఆఫీసు పెట్టుకోవచ్చు. ఇంటి ఆడవాళ్లు కుట్టు మిషన్ పెట్టుకున్నా, మగ్గం వర్క్ చేసినా, పాతబస్తీలో తరతరాలుగా చేస్తున్నట్టు లక్క గాజులు చేసినా అది ఇంటి పనే. రోడ్డు వెడల్పును బట్టి కొన్ని దుకాణాలకూ వీలుంటుంది. ఇలాంటివాళ్ల మీద ఫిర్యాదు పెడితే నిలబడదు, పైగా అన్యాయం కూడా. గోల ఎక్కడంటే, రెసిడెన్షియల్ పర్మిషన్ తీసుకుని కట్టిన బిల్డింగ్‌లో స్క్రాప్, ప్లాస్టిక్, కెమికల్ గోదాం పెట్టడం, వెల్డింగ్ షాపు నడపడం, మేడ మీద ఫంక్షన్ హాల్ తెరవడం, సెల్లార్ పార్కింగ్‌ను హోటల్ వంటగదిగా మార్చడం. పార్కింగ్ కోసం చూపించిన జాగాను ఇంకో పనికి వాడటం ఏ జోన్‌లో అయినా తప్పే.

'మాకు లైసెన్స్ ఉంది, ఏం చేసుకుంటారో చేసుకోండి' అని వ్యాపారి అనడం మామూలే. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. ట్రేడ్ లైసెన్స్ జీహెచ్‌ఎంసీ చట్టం 521 సెక్షన్ కింద ఇచ్చేది, దాన్ని చూసేది హెల్త్ విభాగం. బిల్డింగ్ ఏ పనికి వాడాలో చూసేది టౌన్ ప్లానింగ్ విభాగం. ఈ రెండూ ఒకే ఆఫీసులో కూర్చున్నా ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి తీసుకున్న లైసెన్స్ జోన్‌ను మార్చదు. జీఎస్టీ నంబర్, కమర్షియల్ కరెంట్ మీటర్, కమర్షియల్ రేటులో కట్టే ఆస్తి పన్ను.. ఇవేవీ ఇంటిని గోదాంగా మార్చే అనుమతులు కావు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న స్పష్టమైన తీర్పు ఇచ్చింది. మీరట్ శాస్త్రి నగర్‌లో నివాసానికి కేటాయించిన ప్లాట్‌లో దుకాణాలు కట్టిన కేసు అది. ఏళ్ల తరబడి నడుస్తోంది కాబట్టి వదిలేయాలన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. అక్రమ భవనంలో వ్యాపారానికి ఏ అధికారీ లైసెన్స్ ఇవ్వకూడదని ఆదేశించింది. ఫిర్యాదులో ఈ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావించండి, బరువు పెరుగుతుంది.

ఇక ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? చాలామంది నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోతారు. అక్కడ 'ఇది మున్సిపాలిటీ పని' అంటారు, అది చాలావరకు నిజమే. కొందరు హైడ్రాకు రాస్తున్నారు. చెరువులు, నాలాలు, పార్కులు, ప్రభుత్వ స్థలాలు హైడ్రా ప్రధాన పని. ప్రైవేటు ఇంట్లో వాడకం మారిందన్న ఫిర్యాదుకు సరైన తలుపు మీ సర్కిల్ ఆఫీసులోని టౌన్ ప్లానింగ్ విభాగం, అంటే అసిస్టెంట్ సిటీ ప్లానర్, ఆ పైన డిప్యూటీ కమిషనర్. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నంబర్ పడుతుంది. జిల్లాల్లో అయితే మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వాలి.

కానీ బాధ ఒకటే అయినా తప్పులు నాలుగైదు ఉండొచ్చు. పొగ, దుర్గంధం, కెమికల్ వాసన ఉంటే కాలుష్య నియంత్రణ మండలికి వేరే కాగితం ఇవ్వాలి. ఆ యూనిట్ నడపడానికి మండలి సమ్మతి తీసుకుందా లేదా అన్నది వాళ్లే చూస్తారు. శబ్దం సంగతికొస్తే, 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబుల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబుల్స్ దాటకూడదు. ఫోన్‌లోని యాప్ చూపించే అంకె కోర్టులో చెల్లదు కానీ ఫిర్యాదుకు ఆధారంగా పనికొస్తుంది. హోటల్ వాళ్లు సిలిండర్లు పేర్చి పెడితే లెక్క చూసుకోండి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు అయిదు అంటే 95 కిలోలు. లైసెన్స్ లేకుండా 100 కిలోలకు మించి గ్యాస్ నిల్వ ఉంచకూడదు. ఎర్ర రంగు ఇంటి సిలిండర్ వాడుతుంటే అది పౌరసరఫరాల శాఖకు చెప్పాల్సిన విషయం.

ఫిర్యాదు రాసేటప్పుడు తిట్లు వద్దు, కథ వద్దు. ఇంటి నంబర్, ఓనర్ పేరు, ఏ అంతస్తులో ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, ఏ టైంలో.. ఇంతే. చాలాసార్లు వ్యాపారం చేసేది కిరాయిదారు, నోటీసు వెళ్లాల్సింది ఓనర్‌కు. అందుకే ఇద్దరి పేర్లూ ఉండాలి. తేదీ కనిపించే ఫొటోలు రోడ్డు మీద నిలబడి తీయండి, వాళ్ల గేటు దాటి లోపలికి వెళ్లొద్దు. పది రోజుల పాటు లారీ ఎన్ని గంటలకు వచ్చింది, మిషన్ ఎప్పుడు ఆగింది అని నోట్‌బుక్‌లో రాసుకుంటే ఏ ఫొటో కన్నా బలంగా ఉంటుంది. ఒక్కరే కాకుండా ఐదారు ఇళ్లవాళ్లు సంతకాలు చేస్తే పగ ఒకరి మీద పడదు. పేరు లేని ఉత్తరాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. స్టాంపు వేసిన రసీదు కాపీ మాత్రం ప్రాణంలా దాచుకోండి.

రెండు, మూడు వారాల్లో కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి. మూడు ప్రశ్నలు చాలు: ఈ బిల్డింగ్‌కు ఏ వాడకానికి పర్మిషన్ ఇచ్చారు, ఈ అడ్రస్ మీద ఏ ట్రేడ్ లైసెన్స్ ఉంది, నా ఫిర్యాదు మీద ఏ అధికారి ఏ తేదీన ఏం రాశారు. 30 రోజుల్లో జవాబు రావాలి. మూడో ప్రశ్నకే ఎక్కువసార్లు ఫైల్ కదులుతుంది. అయినా ఫలితం లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. అక్కడ మొదట అడిగేది 'అధికారులకు రాతపూర్వకంగా చెప్పారా' అనే. ఆ రసీదు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, దీన్ని జనం అంతగా వాడుకోవడం లేదు. పాత సీఆర్‌పీసీలో 133, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152 సెక్షన్. జనం ఆరోగ్యానికి, ప్రాణానికి ముప్పు తెచ్చే వ్యాపారాన్ని ఆపమని లేదా అక్కడి నుంచి తీసేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ కేసు ఈ సెక్షన్ మీదే నడిచింది. మురుగు, ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే దుర్గంధపు నీళ్లు భరించలేక జనం మేజిస్ట్రేట్ దగ్గరికి పోతే, మా దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ అంది. ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఆ మొహమాటం సంగతి. పక్కవాడూ మనవాడే, అప్పు చేసి దుకాణం పెట్టుకుని ఉంటాడు. కాబట్టి కాగితం కన్నా ముందు ఒకసారి మాట్లాడటం మంచిది. మొహల్లా పెద్దలనో మస్జిద్ కమిటీ వాళ్లనో మధ్యలో కూర్చోబెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత మిషన్ వద్దు, సరుకు దింపుడు పగలే, షాపు ఇక్కడ ఉంచుకుని గోదాం ఊరి బయటకు మార్చుకో.. ఇలాంటి ఒప్పందాలు కుదురుతాయి. కుదిరితే రాసి సంతకాలు పెట్టించండి. కానీ నిప్పుకు అంటుకునే సరుకు విషయంలో ఏ ఒప్పందమూ వద్దు. అది ఆ ఇంటి ఓనర్ పిల్లలకు కూడా ప్రమాదమే.

ఫిర్యాదు అనగానే రేపే బుల్డోజర్ వస్తుందనీ భయపడక్కర్లేదు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం కూల్చివేతకు ముందు నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, చెరువుల ఆక్రమణలకు మాత్రం ఇది వర్తించదు. వాడకం మారిన కేసుల్లో కూల్చడం కన్నా వ్యాపారం ఆపించడం, సీల్ వేయడం దగ్గరే పని ముగియవచ్చు. ఇక ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని డబ్బు అడిగేవాళ్లు, 'నేను సెటిల్ చేస్తా' అంటూ మధ్యలో దూరేవాళ్లు ఈ నగరంలో తక్కువేం కాదు. వాళ్లను దగ్గరికి రానిస్తే నిజమైన ఫిర్యాదు కూడా బ్లాక్‌మెయిల్ కింద మారిపోతుంది.

ఈ రాతకోతలన్నీ టైం ఉన్నప్పుడు. డ్రమ్ము కారుతున్నా, ఘాటు వాసన ఒక్కసారిగా పెరిగినా, పొగ కనిపించినా సర్కిల్ ఆఫీసు వైపు చూడకుండా 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కింద ఏం సరుకు ఉంది, పైన ఎంతమంది ఉన్నారు, గల్లీలోకి ఫైరింజన్ ఎటువైపు నుంచి రాగలదు.. ఈ మూడూ ఫోన్‌లోనే చెప్పండి.