బండి కింద రేకు

బండి కొన్నాక దానికి మనం తగిలించేవాటికి లెక్క ఉండదు. సీటు కవరు, మొబైల్ హోల్డరు, వెనకాల ఒక స్టిక్కరు. కింద ఏముందో మాత్రం ఎవరమూ వంగి చూడం. ఒకసారి చూడండి. ఇంజిన్ అడుగు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, సైలెన్సర్ పైపు, అటూ ఇటూ వేలాడే కేబుళ్ళు కనిపిస్తాయి. వీటికీ రోడ్డు మీద రాయికీ మధ్య ఉండేది గాలి ఒక్కటే. ఆ గాలి ఎత్తునే గ్రౌండ్ క్లియరెన్స్ అంటాం. అది చాలని చోట ఇంజిన్ కింద ఒక పళ్ళెం లాంటిది బిగిస్తారు. బైక్ పిచ్చి ఉన్నవాళ్ళు దాన్ని స్కిడ్ ప్లేట్ అనో, బాష్ ప్లేట్ అనో, బెల్లీ పాన్ అనో అంటారు. మా చిన్నాన్న "కింద రేకు" అంటాడు. నేనూ ఈ వ్యాసంలో అదే మాట వాడతాను.

సీఎస్‌ఈ చదివేవాడికి వెల్డింగ్ షాపులో ఏం పని అని మీరు అడగొచ్చు. మా చిన్నాన్నది జుక్కల్ మండలంలో ఒక ఊరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పనిచేయదు. సైడ్ వీల్స్ పెట్టిన గేర్‌లెస్ స్కూటర్ మీద తిరుగుతాడు. పోయిన వానాకాలంలో చేను దగ్గర నుంచి వస్తుంటే అడుగున రాయి తగిలి ఇంజిన్ ఆయిల్ మొత్తం కారిపోయింది. మనకైతే బండి నెట్టుకుంటూ ఇంటికి రావడం ఒక చిరాకు, అంతే. ఆయనకు ఆ ఆప్షనే లేదు. ఒక ట్రాక్టర్ వచ్చేదాకా రెండు గంటలు ఆ బాట మీదే కూర్చున్నాడు. దసరా సెలవుల్లో ఇద్దరం కలిసి రేకు పెట్టించాలని అనుకున్నాం. ఆ పనిలో నాకు అర్థమైనదంతా ఇక్కడ రాస్తున్నాను.

మూడు గీతల బండి

ముందు ఒక చిన్న ప్రశ్న. ఎదురుగా పిడికెడంత రాయి ఉంది. మామూలు బైక్ ఏం చేస్తుంది? పక్కకు తప్పిస్తుంది. దాని రెండు చక్రాలూ ఒకే గీత మీద నడుస్తాయి కాబట్టి ఆ గీత జరిగితే చాలు. కారు ఏం చేస్తుంది? దాని చక్రాలవి రెండు గీతలు. రాయిని ఆ రెంటి మధ్యకు తీసుకుంటుంది. ట్రైక్‌కు మూడు గీతలు. ఎడమ, కుడి, నడుమ. కుడికి తప్పిస్తే ఎడమ చక్రం ఎక్కుతుంది, నడుమకు తీసుకుంటే ముందు చక్రం ఎక్కుతుంది. ఆ సందుల్లోంచి పోనిస్తే రాయి ఇంజిన్ పక్క నుంచే పోవాలి.

సైడ్ వీల్స్ స్కూటర్‌ను అందరూ మూడు చక్రాల బండి అంటారు గానీ, లెక్కపెడితే ఎక్కువ బండ్లకు నాలుగుంటాయి. అసలు వెనక చక్రం నడుమ అలాగే ఉండి బండిని తోస్తుంది, దానికి చెరో పక్క ఇంకో చక్రం వచ్చి చేరుతుంది. చక్రాలు ఎన్నైనా నేల మీద గీతలు మాత్రం మూడే.

ఇప్పుడు ఈ బండిని జుక్కల్ దిక్కు తీసుకెళ్ళండి. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు ఆనుకొని ఉంటుంది. మద్నూర్ మీదుగా దెగ్లూర్ వైపు వెళ్ళే 161వ నంబరు జాతీయ రహదారి మీద ఏ బండికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది దాన్ని దిగాక మొదలవుతుంది. ఇక్కడ నల్లరేగడి ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కూడా దానితో పాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇక చేలలోకి పోయే బండ్ల బాటలో ట్రాక్టర్ టైర్లు రెండు వైపులా గాడులు తీస్తాయి. నడుమ గడ్డి మొలిచిన గట్టు మిగులుతుంది. బైక్ ఒక గాడిలో దిగి పోతుంది. ట్రైక్ ముందు చక్రం ఆ గట్టు మీదే నడవాలి. సైడ్ చక్రాల వెడల్పు ట్రాక్టర్ గాడుల వెడల్పుతో కలవదు కాబట్టి ఒక చక్రం గాడిలో, ఇంకోటి పైన. బండి ఒరుగుతుంది. ఒరిగిన పక్క ఇంజిన్ అడుగు నేలకు దగ్గరవుతుంది. బైక్‌ను మనం ఒరగబెడతాం, ట్రైక్‌ను రోడ్డు ఒరగబెడుతుంది.

అమెరికాలో హోండా గోల్డ్ వింగ్ లాంటి టూరింగ్ బైకులను ట్రైకులుగా మార్పించుకుంటారు. హార్లే డేవిడ్సన్ 2009 మోడల్‌గా ట్రై గ్లైడ్ పేరుతో ఫ్యాక్టరీ నుంచే అలాంటి బండి తెచ్చింది. గోల్డ్ వింగ్ ఇంజిన్‌లో ఆరు సిలిండర్లు రెండు పక్కలా పడుకొని ఉంటాయి, అంటే బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది. హైవే మీద అది సుఖం, కంకర రోడ్డు ఎక్కితే భయం. అందుకే వాళ్ళూ కింద రేకు గురించి ఆలోచిస్తారు. వాళ్ళ బండి ఖరీదు వేరు, తిరిగే కారణం వేరు. కానీ మూడు గీతల సమస్య మా చిన్నాన్నకూ వాళ్ళకూ ఒకటే.

స్పీడ్ బ్రేకర్ లెక్క

గ్రౌండ్ క్లియరెన్స్‌ను నంబర్లతో చూద్దాం. కంపెనీ లెక్కల్లో యాక్టివా 6జీకి 162 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు 220.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే పద్ధతి ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక ముక్క. రెండు చక్రాల మధ్య దూరం ఎల్, వంపు వ్యాసార్థం ఆర్ అనుకుంటే, చక్రాల మధ్యలో వంపు పైకి పొడుచుకొచ్చే ఎత్తు సుమారుగా ఎల్ స్క్వేర్‌ను 8 ఆర్‌తో భాగిస్తే వస్తుంది. స్కూటర్ చక్రాల మధ్య దూరం దాదాపు 1.26 మీటర్లు. లెక్క కడితే 12 మిల్లీమీటర్లు కూడా రాదు. అంటే పద్ధతిగా వేసిన స్పీడ్ బ్రేకర్ మీద ఏ స్కూటర్‌కూ అడుగు తగలదు.

మన ఊళ్ళలో ఉండేవి ఇవి కావు కదా. ఇంటి ముందు సిమెంటు మిగిలితే పోసిన దిమ్మె, పైపు లైను తవ్వి పూడ్చిన మట్టి కుప్ప. అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. ఇంత సన్నటిది రెండు చక్రాల మధ్యకు వచ్చిందంటే దాని ఎత్తంతా ఇంజిన్ కిందికి వచ్చినట్టే. మనిషి, ఎరువు బస్తా ఎక్కితే స్ప్రింగులు దిగుతాయి కాబట్టి కంపెనీ చెప్పిన 162 కూడా అప్పటికి మిగలదు.

దెబ్బ ఎటు పోవాలి

రేకు అనగానే మందమైన ఇనుప ముక్క తెచ్చి ఇంజిన్‌కు బిగించేయడం అందరికీ ముందు తోచే ఆలోచన. నాకూ అదే తోచింది. వెల్డింగ్ షాపు అన్న ఒక్క మాటతో దాన్ని కొట్టేశాడు. "రేకు గట్టిగుంటే అయితదా తమ్మీ, దాన్ని పట్టుకున్నది గట్టిగుండాలె గదా."

మొత్తం విషయం ఆ మాటలోనే ఉంది. రేకు దెబ్బను మాయం చేయదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపుతుంది. ఇంజిన్ కేసు అల్యూమినియం పోత. రేకును దానికే బిగిస్తే రాయి దెబ్బ బోల్టుల గుండా నేరుగా ఆ కేసులోకే పోతుంది. అప్పుడు పగిలేది బోల్టు రంధ్రం దగ్గర, అది ఆయిల్ డ్రెయిన్ బోల్టు మార్చినంత తేలిక కాదు. దెబ్బ ఫ్రేమ్ పైపులకు పోవాలి.

స్కూటర్‌లో ఇంకో తిరకాసు ఉంది. బైక్‌లో ఇంజిన్ ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది. గేర్‌లెస్ స్కూటర్‌లో ఇంజిన్, బెల్టు కేసు, వెనక చక్రం మూడూ ఒకే ముద్ద. చక్రం పైకి కిందికి ఊగితే ఇంజిన్ కూడా తలుపు లాగా ఒక కీలు మీద ఊగుతుంది. రేకు ఫ్రేమ్‌కు ఉంటుంది కాబట్టి కదలదు, దాని పైన ఇంజిన్ కదులుతుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు ఇంజిన్ బాగా కిందికి దిగి రేకుకు తగలొచ్చు. కీలు దగ్గర ఈ కదలిక తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. అందుకని ఖాళీ కూడా అట్లాగే వదలాలి.

మేము రేకు ముందు వైపు రెండు క్లాంపులను ఫుట్‌బోర్డు కింది ఫ్రేమ్ పైపులకు, వెనక రెంటిని సైడ్ వీల్స్ కిట్‌లో కదలని అడ్డ పైపుకు బిగించాం. ఫ్రేమ్‌కు ఒక్క రంధ్రం కూడా వేయలేదు, ఒక్క వెల్డింగ్ చుక్క కూడా పెట్టలేదు. పైపును చుట్టుకునే యూ క్లాంపులు, ఎం8 బోల్టులు, మధ్యలో రబ్బరు బుష్‌లు. మరీ పెద్ద దెబ్బ తగిలితే బోల్టు తెగాలి గానీ ఫ్రేమ్ పైపు వంగకూడదు. ఇంట్లో కరెంటు ఫ్యూజు చేసే పని కూడా ఇదే.

ఇనుమా, అల్యూమినియమా

40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న రేకు అనుకుందాం. 2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ అయితే బరువు దాదాపు 1.9 కిలోలు. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే కిలో కన్నా కాస్త తక్కువ. వంగకుండా నిలబడే గుణం మందం క్యూబ్‌తో పెరుగుతుంది. స్టీల్ తన స్వభావంలో అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బిగువు. కానీ లెక్కేస్తే 2 మిల్లీమీటర్ల స్టీల్ కన్నా 3 మిల్లీమీటర్ల అల్యూమినియమే కొంచెం ఎక్కువ బిగువుగా తేలుతుంది, అదీ సగం బరువుతో.

పేపర్ మీద అల్యూమినియం గెలిచింది. మేము స్టీలే పెట్టాం. ఎందుకంటే అల్యూమినియం చీలితే అతికించడానికి వేరే రకం వెల్డింగ్ మిషను కావాలి, అది ప్రతి ఊళ్ళో ఉండదు. స్టీల్ రేకు వంగితే సుత్తితో చదును చేయొచ్చు, చీలితే ఏ వెల్డింగ్ షాపులోనైనా అతుకుతారు. చిన్నాన్న కూడా అదే అన్నాడు. "నాకు షో వద్దు బిడ్డా, ఇంటికి తెస్తే చాలు."

స్టీల్‌లో తక్కువైన బిగువును మడతతో తెచ్చుకోవచ్చు. చదునైన రేకు అట్ట ముక్కలా ఊగుతుంది. అంచులు పైకి మడిస్తే పళ్ళెంలా గట్టిపడుతుంది. ముందు అంచును పడవ ముక్కులా వాలుగా పైకి లేపాలి. లేకపోతే రాయి దాని కింద జారకుండా అంచుకు తట్టుకొని రేకునే పీకేస్తుంది. ఇదే కారణంతో బోల్టు తలలు కూడా కిందికి పొడుచుకు రాకూడదు.

వేడి, మట్టి, గడ్డి

ఈ స్కూటర్ ఇంజిన్‌కు రేడియేటర్ లేదు, ఒక చిన్న ఫ్యాన్ దాని మీద గాలి కొడుతుంది. ఆ వేడి గాలి బయటికి పోవాలి. అడుగంతా డబ్బాలా మూసేస్తే రాయి నుంచి కాపాడిన ఇంజిన్‌ను మనమే ఉడకబెట్టినవాళ్ళమవుతాం. అందుకే వెనక వైపు, పక్కలా తెరిచే ఉంచాలి.

రెండోది రేగడి మట్టి. అది రేకు మీద చేరి ఎండితే ఇటుకే. నీళ్ళు, మట్టి జారిపోయేలా పొడవాటి కోతలు పెట్టాలి. డ్రెయిన్ బోల్టు ఎదురుగా ఒక పెద్ద రంధ్రం ఉంటే ఆయిల్ మార్చిన ప్రతిసారీ రేకు విప్పాల్సిన పని ఉండదు. మూడోది సోయా పొట్టు, ఎండు గడ్డి. ఇవి రేకు మీద చేరి వేడి సైలెన్సర్‌కు తగిలితే అంటుకోగలవు. కాబట్టి సైలెన్సర్ పైపు కింద రేకు ఉండకూడదు, కోతల సీజన్‌లో వారానికోసారి చేత్తో దులపాలి.

అట్ట, పిండి ముద్ద

రేకు కోసే ముందు అట్ట కోయండి. అట్ట తప్పుపోతే ఇంకో అట్ట, రేకు తప్పుపోతే డబ్బులు. అట్టను బండి కింద పట్టుకొని, ఒకసారి వెనక భాగం జాకీతో లేపి చక్రాన్ని పూర్తిగా వేలాడదీయండి, ఇంకోసారి ఇద్దరు కూర్చొని స్ప్రింగు పూర్తిగా దించండి. రెండు స్థితుల్లోనూ ఏదీ తగలకూడదు.

రేకు బిగించాక దాని మీద చపాతీ పిండి ముద్దలు నాలుగు చోట్ల పెట్టి ఊరి చుట్టూ ఒక రౌండ్ వేయండి. తిరిగొచ్చాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదే అక్కడి అసలు ఖాళీ. మాకు అన్నిటికన్నా కిందికి ఉండే డ్రెయిన్ బోల్టు దగ్గర 15 మిల్లీమీటర్లు మిగిలింది. రేకు మందం 2 కలిపితే 17 మిల్లీమీటర్ల క్లియరెన్స్ పోయినట్టు. అంటే రేకు పెట్టాక రాళ్ళు ముందుకన్నా ఎక్కువసార్లే తగులుతాయి. తగిలినా బండి నడుస్తుంది, మనం కొనుక్కున్నది ఆ ధైర్యాన్నే.

చట్టం మాట కూడా ఒకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. వికలాంగుల కోసం చేసే మార్పులకు అందులోనే దారి ఉంది. 2019 సవరణ అలాంటి బండికి అడాప్టెడ్ వెహికల్ అని పేరు కూడా పెట్టింది. సైడ్ వీల్స్ ఆ దారిలోనే రిజిస్టర్ కావాలి. రేకును మాత్రం విప్పితే బండి ఎప్పటిలా ఉండేలా బిగించుకోండి, ఛాసిస్ నంబరు కప్పకండి.

రేకు పెట్టి రెండు నెలలైంది. మొన్న ఊరికి పోయినప్పుడు విప్పి చూస్తే గీతలన్నీ ఎడమ ముందు మూల మీదే ఉన్నాయి. అది మా లాగ్ ఫైలు. బండి ఎటు ఒరుగుతోందో, ఏ మూలకు ఇంకో పట్టీ వేయాలో అది చెబుతోంది.

తెలంగాణ వికలాంగుల సహకార సంస్థ సైడ్ వీల్స్ అమర్చిన బండ్లను పంపిణీ చేస్తుంది. కాన్పూర్‌లోని ఆలింకో బ్యాటరీతో నడిచే ట్రైసైకిళ్ళు తయారుచేస్తుంది. ఇవి తిరిగేది మన ఊళ్ళలోనే, ఈ బాటల మీదే. ఏ కిట్‌కు ఏ కొలతతో రేకు సరిపోతుందో ఒక డ్రాయింగ్ తయారుచేసి ఉంచితే, ఏ మండలంలోని వెల్డింగ్ షాపైనా ఒక పూటలో చేసివ్వగలదు. మన క్యాంపస్‌లో ప్రతి ఏడూ ఎన్నో అటెండెన్స్ యాప్‌లు తయారవుతాయి. ఈసారి మెకానికల్ వాళ్ళు ఇద్దరు, మా బ్రాంచి వాళ్ళు ఇద్దరు కలిస్తే ఈ డ్రాయింగ్ ఒక మినీ ప్రాజెక్టు అవుతుంది. కొలతలు తీసుకోవడానికి మా చిన్నాన్న బండి ఇస్తానన్నాడు, కాకపోతే సాయంత్రం చేనుకు పోయే టైముకు తిరిగివ్వాలట.