బొమ్మలు వేసేవాళ్లకు ఆసరా

మానవపాడు ఆడవాళ్లలో అలంపురం చూడనివాళ్లు తక్కువ. జోగులాంబ దర్శనానికి పోతారు. గుడి దగ్గరే మ్యూజియం ఉంది. అందులో పాతకాలపు రాతి విగ్రహాలు ఉన్నాయి. వాటిని చెక్కిన శిల్పులు పోయి వందల ఏళ్లయింది.

ఇంకో రకం మ్యూజియం కూడా ఉంటుంది. అక్కడ ఈ కాలం వాళ్లు వేసిన బొమ్మలు పెడతారు. ఢిల్లీలో అలాంటిది 1954లో పెట్టారు. హైదరాబాదులో మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. పాత విగ్రహాలను భద్రంగా చూసుకుంటే చాలు. కొత్త బొమ్మల సంగతి అట్లా కాదు. వేసే మనిషి బతికే ఉన్నాడు. అతనికి ఆకలి వేస్తుంది.

గద్వాల చీర ఎట్లా తయారవుతుంది? చీరలు నేయించే షావుకారు నూలు, పట్టు, జరీ ఇస్తాడు. నేసి ఇస్తే కూలి ఇస్తాడు. సరుకు ముందే చేతికి వస్తేనే మగ్గం ఆడుతుంది. బొమ్మలు వేసేవాళ్లకు కూడా రంగులు, గుడ్డ, కాగితం ముందే కావాలి. కానీ ఇచ్చే షావుకారు ఉండడు. కూలి ఎప్పుడొస్తుందో తెలియదు. నలుగురికీ చూపిద్దామంటే పట్నంలో హాలు అద్దెకు తీసుకోవడం మాటలా?

తోట వైకుంఠం సంగతి చూడండి. ఆయన 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊరికి నాటకాలవాళ్లు వచ్చేవారు. మగవాళ్లే ఆడవేషం కట్టేవారు. ఆ అలంకారం చూసి ఆయన మురిసిపోయేవారు. హైదరాబాదులో బొమ్మల చదువు చదివారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ ఆయనకు ఫెలోషిప్ ఇచ్చింది. అంటే చదువుకోవడానికి డబ్బు సాయం. దాంతో గుజరాత్‌లోని బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రహ్మణ్యన్ అనే గొప్ప గురువు దొరికారు.

మరి ఆయన ఏం గీశారు? రాజులనా, రాణులనా? కాదు. వాళ్ల అమ్మలాంటి పల్లె ఆడవాళ్లను గీశారు. నల్లటి ఒళ్లు, నొసట పెద్ద బొట్టు, ముక్కుపుడక, చేతినిండా గాజులు. ఎరుపంటే ఎరుపే, పసుపంటే పసుపే. పొలం పనికి పోయే మనిషి బొమ్మను పట్నంవాళ్లు నిలబడి చూశారు. 1988లో వచ్చిన 'దాసి' సినిమాకు కళా దర్శకుడిగా ఆయనకు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఆ రాష్ట్ర అకాడమీ 1980లలోనే రద్దయిపోయింది. అది పెద్ద నష్టమే. ఢిల్లీలో కేంద్ర లలిత కళా అకాడమీ మాత్రం ఉంది. అది కొత్తగా బొమ్మలు వేసేవాళ్లకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. దేశంలోని బొమ్మలను తెప్పించి ఒకచోట చూపిస్తుంది. కేరళలోని కొచ్చిలో 2012లో పెద్ద బొమ్మల పండుగ మొదలైంది. అందులో కాలేజీ పిల్లల బొమ్మలకు వేరే చోటు ఇస్తారు.

ఇంట్లో గోడ నిండా బొగ్గుతో గీసే పిల్ల ఉంటే? ఇంటర్ పాసయ్యాక హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరవచ్చు. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో బొమ్మ గీసి చూపించాలి. హైదరాబాదు రైలు దారి మానవపాడు మీదుగానే ఉంది.