చలిదేశమున అతిథి మొక్కలు

మన పెరటిలోని అరటిచెట్టునకు చేయవలసిన సేవ మిక్కిలి కొద్ది. వేళకు నీరు పోసి, ఎండుటాకులు కోసివేసి, గెల బరువెక్కినపుడు ఊతకర్ర నిలిపినచో చాలును. కాని ఇంగ్లాండు దేశమున ఒక తోటమాలి తన యింటి ముంగిట అరటిని నాటెననుకొందము. వేసవియందు అది బాగుగనే పెరుగును. కార్తికమాసము వచ్చుసరికి అతనికి చింత పట్టుకొనును. నీరు గడ్డకట్టునంతటి చలి ఒక్క రాత్రి వచ్చినను, తెల్లవారుసరికి విశాలములైన ఆ ఆకులన్నియు నల్లబడి, ఉడికిన ఆకుకూరవలె వ్రేలాడును. శీతలదేశములందు ఉష్ణదేశపు మొక్కలను పెంచువారికెల్ల ఎదురగు ప్రశ్న ఇదియే: ఈ అతిథిని చలికాలము దాటించుట యెట్లు?

మొదట, చలి మొక్కను ఏల చంపునో తెలిసికొందము. మొక్క శరీరము అసంఖ్యాకములైన సూక్ష్మకణములచే నిర్మితమైనది. కణములలోను, కణముల నడుమను నీరుండును. ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు దిగువకు పోయినపుడు కణముల నడుమనున్న నీరు ముందుగా గడ్డకట్టును. ఆ మంచు కణములలోని నీటిని వెలుపలికి లాగికొనును. నీరు కోల్పోయిన కణము ముడుచుకొనిపోగా, దానిని చుట్టియున్న పలుచని పొర చెడిపోవును. మరునాడు ఎండ వచ్చి మంచు కరగినను ఆ పొర మరల బాగుపడదు. చలిదేశపు చెట్లు శరత్కాలమునుండియే ఈ కష్టమునకు సిద్ధపడును. వానిలో పెక్కు ఆకులు రాల్చి, కణరసమున చక్కెరలను కూడబెట్టుకొనును. ఉష్ణదేశపు మొక్కలకు ఈ విద్య అలవడలేదు. కొన్నిటికి నీరు గడ్డకట్టనక్కరయే లేదు. అంతకు చాల ముందే అవి చలికి చెడిపోవును.

తోటమాలులు దీనికి మూడు ఉపాయములు కనుగొనిరి. మొదటిది మొక్కను నిద్రపుచ్చుట. మన తోటలలోను పూచెడి డాలియా పుట్టినిల్లు మెక్సికో. అది 1789లో స్పెయిను దేశపు మాడ్రిడ్ నగరములోని ఉద్యానమునకు చేరినది. శరత్కాలపు తొలి మంచుకు దాని ఆకులు నల్లబడగనే తోటమాలి కాడను జానెడు మిగిల్చి కోసి, దుంపను పదిలముగా త్రవ్వి తీయును. బోలుకాడలోని నీరు కారిపోవుటకై దానిని కొన్ని దినములు తలక్రిందుగా ఉంచును. పిమ్మట పొడి యిసుకలో కప్పి, మంచు సోకని గదిలో భద్రపరచును. వసంతమున దుంప కన్ను విప్పును.

రెండవది మొక్కకు దుప్పటి కప్పుట. మన అరటికి దగ్గరి చుట్టమైన బాస్జూ అను చైనా అరటిని ఇంగ్లాండులో ఆరుబయటనే పెంచుదురు. చలి ముదిరినపుడు దాని ఆకులు కోసి, కాండము చుట్టును తీగవల నిలిపి, నడుమ ఎండుగడ్డి కూరుదురు. వాన నీరు దిగకుండ పైన మూత వేయుదురు. గడ్డి స్వయముగా వేడిని పుట్టింపదు. దాని సందులలో చిక్కుకొన్న గాలి, ఉన్న వేడిని తొందరగా పోనీయదు. ఒకవేళ కాండము చచ్చినను, నేలలోని దుంప బ్రతికియున్నచో వసంతమున పిలకలు వేయును.

మూడవది మొక్కకు ఇల్లు కట్టుట. ఫ్రాన్సు దేశమున వెర్సాయి రాజభవనము చెంత, 1684 మొదలు 1686 వరకు, జూల్ ఆర్డువా మాన్సార్ అను శిల్పి నారింజచెట్లకై ఒక మందిరమును నిర్మించెను. దాని మధ్యశాల నూట యేబది మీటర్లకు మించిన పొడవు గలది. గోడలు మిక్కిలి మందమైనవి. కిటికీలు దక్షిణమునకు తెరచియుండుటచే చలికాలపు వాలుటెండ లోపలికి ప్రసరించును. నారింజ, నిమ్మ, దానిమ్మ, గన్నేరు మున్నగు చెట్లు పెద్ద కొయ్యపెట్టెలలో పెరుగుచు, అక్టోబరు నడుమ లోపలికి పోయి, మే నడుమ మరల వెలుపలికి వచ్చును. మన ఊళ్ళలో దారిప్రక్కన పెరుగు గన్నేరు అచట రాజమందిరమున నివసించుట వింతగా లేదా? తరువాత ఇనుమును, గాజును కలిపి ఇండ్లు కట్టు నేర్పు వృద్ధియైనది. లండను చెంతనున్న క్యూ ఉద్యానములో 1844 నుండి 1848 వరకు కట్టిన తాళవృక్షశాల అట్టిదే.

ఈ మూడింటికిని వర్తించు నియమమొకటి కలదు. చలికాలమున మొక్కను పెంచరాదు, కాపాడవలెను. వెలుతురు తగ్గిన దినములలో మొక్క పెరుగుదల మందగించును. వేళ్ళు నీటిని కొద్దిగానే త్రాగును. అప్పుడు కొత్త తోటమాలి, వాడిన ఆకును చూచి జాలిపడి నిండుకుండ నీరు పోయును. తడిసి చల్లబడిన మట్టిలో వేళ్ళు కుళ్ళును. చలికి తట్టుకొన్న మొక్క తడికి చచ్చును. ప్రేమతో పోసిన నీరే దానికి విషమగును. అనుభవము గలవాడు మట్టిని వ్రేలితో తాకి చూచి, అవసరమైనపుడే కొద్దిగా తడుపును. బూజు పట్టిన ఆకులు తీసివేయును. ఎండ కాచిన పగటివేళ కిటికీ కొంచెము తెరచి గాలి ఆడనిచ్చును. వసంతము వచ్చినను మొక్కను ఒక్కసారిగా బయట పెట్టడు. పగలు వెలుపల, రాత్రి లోపల ఉంచి క్రమముగా అలవాటు చేయును.

ఇంత శ్రమ వినోదమునకేనా అని మీరడుగవచ్చును. ఒక్క కథ వినుడు. హిందూమహాసముద్రమున రోడ్రిగ్స్ అను చిన్న ద్వీపము కలదు. కాఫీ కుటుంబమునకు చెందిన కాఫే మారోన్ అను పొద ఆ ద్వీపమున తప్ప మరెచ్చటను పుట్టలేదు. అది అంతరించెనని శాస్త్రజ్ఞులు తలంచిరి. 1980 ప్రాంతమున ఒక ఉపాధ్యాయుని ప్రోత్సాహముచే, ఆయన విద్యార్థులలో ఒక బాలుడు దానిని కనుగొనెను. మిగిలినది ఒక్క పొద! అది ఔషధమని నమ్మి జనులు కొమ్మలు విరువసాగిరి, కంచె వేయవలసివచ్చినది. 1986లో దాని కొమ్మలు కొన్నిటిని విమానమున క్యూ ఉద్యానమునకు పంపిరి. వానిలో ఒక్కటి వేరుపట్టినది.

ఆ లేతమొక్క ఎండదేశపు బిడ్డ, చేరినది చలిదేశము. శీతకాలపు రాత్రి గాజుటింటి వేడిమి ఆగిపోయినచో ఏమగునో ఆలోచింపుడు. ఏటేటను తోటమాలులు దానిని చలికాలము దాటించిరి. అది పూచెను గాని, చాలకాలము కాయలేదు. కార్లోస్ మగ్దలేనా అను తోటశాస్త్రవేత్త పట్టువిడువక పరాగమును అద్ది చూడగా, 2003లో కాయ కట్టి విత్తనములు లభించెను. వానినుండి పెరిగిన మొక్కలు తిరిగి రోడ్రిగ్స్ ద్వీపమునకు చేరినవి.

ఒక విద్యార్థి శ్రద్ధగా చూచిన చూపును, తోటమాలులు ఓర్పుతో గడిపిన చలిరాత్రులును కలిసి ఒక వృక్షజాతిని నిలిపినవి. అతిథిని ఆదరించుటయనగా కోరినదెల్ల పెట్టుట కాదు. దాని స్వభావమెరిగి, తగినంత చేసి, తగిన కాలమునకై వేచియుండుట.