తల కోయకుండా మెదడును చూచిన ఇంజనీరు

వేసవిలో పుచ్చకాయ కొనేటప్పుడు "ఎర్రగా ఉందా?" అని అడుగుతాం. అమ్మేవాడు కత్తితో గాటు పెట్టి, చిన్న ముక్క పైకి తీసి చూపిస్తాడు. కాయకైతే గాటు పెట్టవచ్చు. మరి మనిషి తలకో?

1971కి పూర్వం మెదడులో కణితి ఉందని అనుమానం వస్తే రోగి పడే అవస్థ ఇంతా అంతా కాదు. మామూలు ఎక్స్-రే ఫోటోలో కపాలపు ఎముక తెల్లగా పడుతుంది, లోపలి మెత్తని మెదడు కనిపించదు. అందుకని నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి, మెదడును ఆవరించి ఉండే ద్రవాన్ని కొంత తీసి, బదులుగా గాలి పంపేవారు. మెదడు లోపల ద్రవం ఉండే గదుల్లోకి ఆ గాలి చేరుతుంది. ఆ గదులు పక్కకు ఒరిగి కనిపిస్తే, ఏదో వాటిని నెడుతున్నదని ఊహించేవారు. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1919లో వివరించిన పద్ధతి ఇది. రోగికి భరించరాని తలనొప్పి, వాంతులు. ఇంతా చేసి దొరికేది కణితి బొమ్మ కాదు, ఊహ మాత్రమే!

ఈ బాధ తప్పించినవాడు డాక్టరు కాడు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు ఇంజనీరు. పుట్టింది 1919లో, రైతు కుటుంబంలో. చిన్నప్పుడు సొంతంగా చేసుకున్న గ్లైడరు పట్టుకుని గడ్డివాముల మీదనుంచి దూకేవాడు. (మీరు మాత్రం ఆ పని చేయకండి!) యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడార్ పని నేర్చాడు. తర్వాత ఇ.ఎం.ఐ. కంపెనీలో చేరాడు. మీ తాతగారి ఇంట్లో కుక్కబొమ్మ ఉన్న పాత హెచ్.ఎం.వి. గ్రామఫోను రికార్డులుంటే చూడండి, అది ఈ కంపెనీ పేరే.

1967లో అతనికి తట్టిన ఆలోచన మీకు అర్థం కావాలంటే ఒక లెక్క చేయాలి. నాలుగు గడులు గీయండి, రెండు పైన, రెండు కింద. ప్రతి గడిలో ఒక అంకె దాగి ఉంది. పై వరుస మొత్తం 7, కింది వరుస 12. ఎడమ నిలువు 8, కుడి నిలువు 11. అంకెలేవి? 4, 3, 4, 8 అంటారు కొందరు. సరిపోతాయి. కాని వేరే జవాబులు కూడా సరిపోతాయి! ఇప్పుడు పై ఎడమ గడినుంచి కింది కుడి గడికి ఏటవాలుగా కూడితే 14 రావాలని చెబుతాను. జవాబు ఒక్కటే మిగులుతుంది. ప్రయత్నించండి.

గడుల బదులు మెదడు అనుకోండి. దాని గుండా సన్నని ఎక్స్-కిరణాన్ని పంపితే దారిలో కొంత ఇంకిపోతుంది. ఎంత ఇంకిందో అదే ఆ వరుస మొత్తం. ఎన్నో కోణాలనుంచి మొత్తాలు తీసుకుంటే, ఒక్కొక్క గడి విలువ కంప్యూటరు కట్టగలదు. పుచ్చకాయను అడ్డంగా కోసినట్టు మెదడు పొర బొమ్మ వస్తుంది.

మొదటి పరికరంలో గామా కిరణాలు వాడాడు. అవి బలహీనం కావటంతో ఒక్క బొమ్మకు తొమ్మిది రోజులు పట్టింది! ఎక్స్-రే గొట్టం పెడితే తొమ్మిది గంటలకు దిగింది. ఆస్పత్రి మ్యూజియంలో ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన మనిషి మెదడును తెచ్చి చూస్తే తేడాలు చక్కగా కనిపించాయి. అయితే ఫార్మలిన్ ఆ తేడాలను ఎక్కువ చేసి చూపిందని తేలింది. కావున తాజా ఎద్దు మెదడుతో మళ్ళీ సరిచూచాడు. తేడాలు తగ్గినా, బొమ్మ నిలిచింది. మొదటి ఫలితం చూచి చంకలు గుద్దుకోకపోవడమే నాకు ఈ కథలో నచ్చిన ఘట్టం.

1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రిలో, డాక్టరు జేమ్స్ ఆంబ్రోస్ పర్యవేక్షణలో ఒక మహిళను పరీక్షించారు. 180 కోణాలు, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు. సూది లేదు, గాలి లేదు. నుదుటి వెనుక మెదడులో కణితి స్పష్టంగా కనిపించింది. శస్త్రవైద్యుడు తెరచి చూస్తే అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉన్నదట.

ఆ యంత్రంలో తల మాత్రమే పట్టేది. వెన్నెముక వంతు రావడానికి, అమెరికాలో రాబర్ట్ లెడ్లీ శరీరమంతా పట్టే యంత్రం తయారుచేసిన 1974 దాకా ఆగవలసి వచ్చింది. అయినా సి.టి.లో వెన్ను ఎముకలు కనిపించినంత బాగా లోపలి వెన్నుపాము కనిపించదు. దానికి అయస్కాంతం, రేడియో తరంగాలతో పనిచేసే ఎం.ఆర్.ఐ. మేలు.

మరి సి.టి. పని అయిపోయిందా? లేదు. ఎవరికైనా హఠాత్తుగా పక్షవాతం వస్తే నేటికీ సాధారణంగా ముందు తీసేది అదే. మెదడులో రక్తనాళం చిట్లిందా, గడ్డకట్టి మూసుకుందా అన్నది బయటినుంచి చూచి చెప్పలేం. గడ్డను కరిగించే మందు చిట్లినవారికి ఇస్తే ప్రాణమే పోవచ్చు. చిట్లి కారిన రక్తం సి.టి.లో తెల్లగా కనిపిస్తుంది.

1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అందులో సగం ఆలన్ కార్మాక్‌ది. ఈ లెక్కను 1963లోనే ప్రచురించిన భౌతిక శాస్త్రజ్ఞుడాయన. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు బహు తక్కువ.

మన లెక్కకు జవాబు: పైన 5, 2, కింద 3, 9.